ఐలన్న వేలిముద్ర

"ఆ ముద్ర నీదా, కాదా? ఒక్క ముక్క చెప్పు బావా."

అనురాధ జిరాక్సు కాగితాన్ని దొడ్డి తడిక మీద పరిచి, గాలికి లేవకుండా అరచేత్తో అదిమిపట్టింది. లోపల మంద మధ్యలో నిలబడ్డ ఐలన్న ఆ కాగితం వైపు కన్నెత్తి చూడలేదు. చంకలో ఉన్న గొర్రెపిల్ల కాలి గిట్టలో ముల్లు దిగినట్టుంది. గోటితో దాన్ని తీసే పనిలో మునిగిపోయాడు.

"నిన్న పొద్దుమూకినప్పటి సంది అడుగుతున్న. ఉలకవు, పలకవు."

"ముల్లు ఇరిగింది బిడ్డా. జర ఆ సూది అందియ్యి."

"సూది తర్వాత. ముద్ర సంగతి చెప్పు."

ఐలన్న గొర్రెపిల్లను కిందికి దించాడు. అది మూడు కాళ్ల మీద గెంతుకుంటూ తల్లి దగ్గరికి పోయింది.

"నాదే," అన్నాడు.

కాదంటాడనే అనుకుంది అనురాధ. ఎవరో దొంగముద్ర వేశారని, కాగితమే తప్పని అంటాడనుకుంది. ఆ మాట కోసమే రాత్రంతా కళ్లు మూయకుండా తెల్లవార్చింది.

ఆ కాగితం నిన్న సూర్యాపేటలో లాయరు మాధవి ఆమె చేతికిచ్చింది. ఆమె భర్త కృష్ణ వేసిన కేసుకు సర్కారు తరఫు నుంచి వచ్చిన జవాబులో అది ఆఖరి పేజీ.

నాలుగేళ్ల కిందట కృష్ణ పటాలాన్ని ఆఫ్రికా వెళ్లే శాంతి దళంలోకి ఎంపిక చేసి, బయలుదేరే ముందు అందరినీ వరసలో నిలబెట్టి ఎల్లో ఫీవర్ టీకా వేశారు. తొమ్మిదో రోజున కృష్ణకు జ్వరం. పదిహేనో రోజున రెండు కాళ్లూ పడిపోయాయి. తొమ్మిది నెలలు మిలిటరీ దవాఖానలో ఉన్నాక కుడికాలు తిరిగొచ్చింది, ఎడమకాలు రాలేదు. జబ్బుకూ నౌకరీకీ సంబంధం లేదని రాసి ఇంటికి పంపారు. వికలాంగ పింఛను ఇవ్వలేదు.

"టీకా వేయించుకోవడం కూడా డ్యూటీనే," అని మాధవి మొదటి రోజే చెప్పింది. "భర్తీ నాడు డాక్టర్లు ఏ జబ్బూ రాయలేదు. తర్వాత వచ్చిందంటే నౌకరీతోనే వచ్చిందని అనుకోవాలె. అదే మన బలం."

ఆ బలం మీదే దెబ్బ కొట్టింది ఈ ఉత్తరం. 'మా తమ్మునికి ఏడేండ్ల వయసులో జ్వరం వచ్చి ఎడమకాలు నీరసపడింది. అప్పటి నుంచీ అంతే. దయచేసి ఇంటికి పంపగలరు' అని ఇంగ్లీషులో కొట్టి ఉంది. కింద ఐలన్న పేరు, వేలిముద్ర.

"ఎందుకు పెట్టినవ్?" అంది అనురాధ.

"పెట్టిన. ఇగ గంతే."

"ఎవలు పెట్టమన్నరు?"

ఐలన్న వంగి తడిక కట్టు బిగించసాగాడు.

"ఆ సంవత్సరమే కదా నీకు సర్కారు గొర్రెలొచ్చినయ్? ఎవలో వేలు పెట్టు అంటే పెట్టినవా? గొర్రెలొస్తయంటే తమ్ముని కాలు ఏమైతే నాకేంది అనుకున్నవా?"

ఐలన్న అప్పుడు చూశాడు ఆమె వైపు. ఆ చూపులో కోపం లేదు. అదే ఆమెను మరింత మండించింది.

"గొర్రెల కోసం తమ్ముణ్ని అమ్ముకుంటనా బిడ్డా?"

"మరి దేనికోసం అమ్మినవో చెప్పు! నా మొగుడు మూడేండ్ల సంది కట్టె పట్టుకొని నడుస్తున్నడు. నువ్వు ఒకే ఇంట్ల, ఒకే బువ్వ తినుకుంట, ఈ సంగతి కడుపుల దాసుకున్నవ్. దొంగతనం అంటే ఇది కాదా?"

గోడ అవతల బట్టలు ఆరేస్తున్న పక్కింటి భాగ్య చేతులు ఆగిపోయాయి. వాకిట్లో చేటలో బియ్యం చెరుగుతున్న అత్త ఆండాలు తల దించుకునే, "పొద్దుగాల్నే ఏం పంచాయితే ఇది. ఊరంత ఇంటున్నరు," అంది.

"ఇననియ్యి అత్తా. దొంగను దొంగ అంటే నాకేం సిగ్గు?"

అరుగు మీద ఎడమకాలు చాపుకొని కూర్చున్న కృష్ణ గొంతు సవరించుకున్నాడు. "ఇడిసిపెట్టు అనూ. అయిందేదో అయింది."

నిన్నటి నుంచి అతనన్న మాట ఇదొక్కటే. అన్నను ఒక్క ప్రశ్న అడగలేదు. సొంత అన్నే ఇంత పని చేశాడంటే ఏ తమ్ముడికైనా గుండె పగులుతుంది, అందుకే మాట రావడం లేదేమో అనుకుంది అనురాధ.

ఐలన్న గొంగడి భుజాన వేసుకున్నాడు. సద్ది మూట కట్టి ఉన్నా ముట్టుకోలేదు. మందను తోలుకొని గుట్ట దారి పట్టాడు.

ఆండాలు చేట చెరగడం ఆపి, కనుమరుగయ్యే దాకా పెద్దకొడుకు వీపునే చూస్తూ ఉండిపోయింది.

*

కాగితం అడుగున టైపు కొట్టినవాళ్ల పేరు చిన్న అక్షరాల్లో ఉంది. సత్యనారాయణ, కోదాడ.

అనురాధ ఊళ్లో ఆశా కార్యకర్త. ఆ రోజు బుధవారం. పొద్దున పిల్లల టీకాల పని ముగించుకొని, మధ్యాహ్నం మునగాలలో బస్సెక్కాలనుకుంది. అంగన్‌వాడీ దగ్గర భాగ్య మనవణ్ని ఎత్తుకొని వచ్చి, పక్కకు పిలిచింది.

"అనురాధా, ఒక మాట అడుగుత, కోపం జేయకు. టీకాతోనే నీ పెనిమిటికి గట్లయిందని కేసేసిండ్రు. మల్ల మా పిల్లలకు నువ్వే ఏయిస్తున్నవ్. ఏది నమ్మాలె మేం?"

ఈ ప్రశ్న ఆమెకు కొత్తది కాదు. "ఆ టీకా వేరు, ఇది వేరు వదినా. ఆ టీకా కూడా చెడ్డది కాదు. ఆయన తోని వరసల నిలబడ్డ ఎనిమిది వందల మందికి ఏం కాలే. లక్షలల్ల ఒకరికి తగులుతదట, ఈయనకు తగిలింది. తగిలినోణ్ని సూసుకోవాల్సింది ఏయించినోళ్లే కదా. కేసు గందుకు."

భాగ్య తల ఊపింది కానీ ఆమె కళ్లలో ఇంకేదో ఉంది. "ఐలన్నను ఊకె అనకు," అంది మెల్లగా. "ఆయన సొంతంగ ఏం చేసేటోడు కాదు."

"అంటే?"

"నాకేం తెలుసు. గోడ అవతల ఉండేదాన్ని."

మనవణ్ని టీకాకు అందించి, తాను వెనక్కి జరిగింది భాగ్య.

కోదాడ తహసీల్దారు ఆఫీసు ఎదురుగా, రేకుల కింద సత్యనారాయణ కొట్టు. కంప్యూటరు పక్కనే పాత టైపు మిషను గుడ్డ కప్పుకొని ఉంది. డెబ్బై దాటిన మనిషి. కాగితం చూడగానే కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"పోలీసు కేసా అమ్మా ఇది?"

"కాదు సార్. మీరు కొట్టిందేనా?"

"చెప్పింది కొట్టడమే నా పని. అందులో నిజమెంతో అబద్ధమెంతో నాకు సంబంధం లేదు. ముందే చెబుతున్నా."

"మిమ్మల్ని ఏమంటలేను సార్. ఈ ముద్ర పెట్టినాయన మా బావ. ఆయన వెంబడి ఎవలన్న పెద్దమనిషి వచ్చిండా? ఆఫీసరు గాని, లీడరు గాని?"

సత్యనారాయణ ఆమెను పైనుంచి కింది దాకా చూశాడు. ఈ అమ్మాయి నిజంగా ఇంటి మనిషేనా అని అనుమానం వచ్చినట్టుంది. "మీ బావ ఎలా ఉంటాడో చెప్పు," అన్నాడు.

"పొడుగ్గుంటడు. కుడి చెవుకు పోగు. గొంగడి లేకుంట బయటికి రాడు."

"ఆయనే." ముసలాయన కాస్త మెత్తబడ్డాడు. "ఆయన నోరే విప్పలేదమ్మా. అదుగో, ఆ మెట్టు మీద కూర్చున్నాడు. చెప్పిందంతా పెద్దామె. ఏడుస్తూ చెప్పింది కాబట్టి ఇన్నేళ్లయినా గుర్తుంది. నా కొడుకుని నాకిచ్చెయ్యమని రాయయ్యా అంది. ఆమె వేలిముద్రే వేద్దామన్నాను. తల్లి మాటంటే ప్రేమతో చెప్పిందనుకుంటారు, మగమనిషి ముద్ర ఉండాలి అంది. అప్పుడు పిలిస్తే ఈయన లేచి వచ్చి వేలు పెట్టాడు. ఏం రాశారని కూడా అడగలేదు."

అనురాధ బల్ల అంచు పట్టుకుంది. పొద్దున చేట ముందు తల వంచుకున్న అత్త రూపం కళ్ల ముందు మెదిలింది. పెద్దకొడుకును దొంగ దొంగ అని కోడలు తిడుతుంటే, 'ఊరంత ఇంటున్నరు' అని మాత్రమే అన్న అత్త.

"ఇంగ్లీషు అడ్రసు దగ్గర మాత్రం కష్టపడ్డాను," అంటున్నాడు సత్యనారాయణ. "చీటీ మీద రాసి తెచ్చారు. దవాఖాన పేరు, వార్డు నంబరు, సిపాయి నంబరు. ఆ నంబరు చివర ఒక ఇంగ్లీషు అక్షరం కూడా ఉంటుందటగా. ఒక్కొక్కటే చూసి కొట్టాను."

"చీటీ ఎవలు రాసిండ్రు సార్?"

"అది నాకేం తెలుస్తుందమ్మా. చదువుకున్న చేతిరాత. గుండ్రంగా ఉంది."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఆ మాట మళ్లీ చెవుల్లో మోగింది. అత్తకు చదువు రాదు. బావకు రాదు. ఆ రోజుల్లో తాను నిడమనూరులో పుట్టింట్లో, నెలలు నిండుతున్న కడుపుతో ఉంది. కృష్ణ ఆర్మీ నంబరు తనకే ఏ రోజూ నోటికి రాలేదు.

మరి ఆ ఇంట్లో ఆ నంబరు తెలిసిన మనిషెవరు?

*

ఇంటికొచ్చేసరికి మూడు దాటింది. కృష్ణ పాపను తీసుకురావడానికి అంగన్‌వాడీకి పోయాడు. ఆండాలు ఒక్కతే పొయ్యి ముందు కూర్చొని ఉంది.

అనురాధ చెప్పులు కూడా విప్పలేదు. "కోదాడ పోయొచ్చిన అత్తా."

ఆండాలు చేతిలోని పుల్ల విరిచి పొయ్యిలో పెట్టింది. అది అంటుకునే దాకా చూసింది. "తెలిసిందా?"

"నువ్వే చెప్పినవట."

"నేనే చెప్పిన."

"మరి పొద్దున బావను దొంగ అంటుంటే ఎట్ల ఊకున్నవ్ అత్తా? కన్నకొడుకు కాదా ఆయన?"

"వాడే ఊకోమన్నడు. రాత్రి నువ్వు కాగితం తెచ్చినప్పుడే నా దగ్గరికొచ్చి, నువ్వు నోరు తెరిస్తే నా మీద ఒట్టే అన్నడు." ఆండాలు గొంతు ఎక్కడా వణకలేదు. ఏనాడో ఏడ్చి ముగించిన సంగతి చెబుతున్నట్టుంది. "నా పెనిమిటి పోయిన్నాడు వానికి పద్నాలుగేండ్లు. అప్పటి సంది గిదే వరస. ఈ ఇంట్ల ఏ తప్పు ఎవలు చేసినా వాడే మోస్తడు."

"చిన్నప్పుడు నీ చిన్నకొడుకుకు జ్వరమొచ్చి కాలు నీరసపడ్డది నిజమా?"

"అబద్ధం. మందల పోతు తప్పిపోతే గుట్టెక్కి దాన్ని ఎత్తుకొచ్చేటోడు కిట్టిగాడు. నీరసమెక్కడిది?"

"మరి ఎందుకు జెప్పినవ్?"

"ఇంటికి పంపుతరని." అంతే అంది ఆండాలు.

అనురాధ ఆమె ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. "గట్ల రాస్తే ఇంటికి పంపుతరని నీకెట్ల తెలుసు అత్తా? మిలిట్రీ ఖాయిదాలు నీకెవలు చెప్పిండ్రు? ఆ నంబరు, ఆ వార్డు, ఆ చీటీ ఎవలిచ్చిండ్రు?"

పొయ్యి మీద ఎసరు పొంగింది. ఆండాలు మూత తీయలేదు. నీళ్లు చుయ్యిమని నిప్పుల మీద పడుతుంటే చూస్తూ కూర్చుంది.

"అత్తా."

"బియ్యం పొయ్యాలె. జరుగు."

"చీటీ ఎవలిచ్చిండ్రు?"

"ఒక కొడుకు మీద ఒట్టు పెట్టుకున్న. ఇంకో కొడుకును నా నోటితోని ఎట్ల పట్టియ్యాలె?" అంది ఆండాలు. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెప్పకూడని మాట చెప్పేశానని ఆమెకు అప్పుడు తెలిసింది.

వాకిట్లో కట్టె చప్పుడయింది. దాని వెనకే ఈడుస్తున్న అడుగు. "అమ్మా, నాకు గుడ్డు పెట్టిండ్రు!" అని పాప గొంతు.

అనురాధ లేచి నిలబడింది.

*

పాపను నానమ్మ దగ్గరికి పంపి, కృష్ణను లోపలి గదిలోకి పిలిచింది. తలుపు వేయలేదు. దాచుకోవడానికి ఇంకేం మిగిలిందని?

"చీటీ ఎవలి తోని పంపినవ్?"

కృష్ణ మంచం మీద కూర్చోబోతున్నవాడు అలాగే ఆగాడు. అబద్ధమాడదామా అన్నట్టు ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. అక్కడ తావు దొరకలేదు.

"మునగాల పిలగాడు ఒకడు సెలవు మీద వస్తుంటే ఇచ్చి పంపిన. ఏం రాయాల్నో అమ్మకు ఫోన్ల చెప్పిన."

"నాకు మాత్రం మిలిట్రోళ్లు పనికిరాని వస్తువోలె పారేసిండ్రని చెప్పినవ్."

"అనూ..."

"మూడేండ్లు చెప్పినవ్. నేను ఊరందరికి చెప్పిన. లాయరమ్మకు చెప్పిన. నిన్న ఆ కాగితం నీ చేతికిచ్చిన. సూడంగనే గుర్తుపట్టినవ్ కదా?"

"పట్టిన."

"పొద్దున బావను దొంగ అన్న. అరుగు మీదనే ఉన్నవ్."

కృష్ణ కట్టెను మోకాళ్ల మధ్య పెట్టుకొని దాని పిడి మీద గడ్డం ఆనించాడు. కిటికీలోంచి పడ్డ ఎండలో అతని ముఖం హఠాత్తుగా ముసలిదైపోయినట్టు కనిపించింది.

"నా పక్క బెడ్డు మీద ఒక పిలగాడుండె," అన్నాడు. "ఒరిస్సాయన. బండి బోల్తాపడి నడుము పోయింది. రోజూ రాత్రి వాళ్ల అమ్మను పిలిచేటోడు. ఒకనాడు పొద్దుగాల లేచి సూస్తే బెడ్డు ఖాళీ. నాకు ఆ రోజు నుంచి నిద్ర లేదు. డాక్టరు సాబేమో కాలు ఇంత మంచిగయితే ఎక్కడో స్టోర్ల కూసుండబెడతం, ఇంకో ఆరేండ్లు ఉండు అన్నడు. నాకు ఉండబుద్ధి కాలే. నువ్వు కడుపుతోని ఉంటివి. భయపడ్డనని ఎట్ల చెప్పుకోవాలె? ఎనిమిదేండ్ల సిపాయిని. వార్డుల ఒకడు చెప్పిండు, పాత జబ్బని ఇంటి నుంచి రాయిస్తే తొందరగ ఇడిసిపెడతరని. పింఛన్ల సంగతి అప్పుడెవనికి తెలుసు?"

అనురాధకు ఆ ఖాళీ బెడ్డు కనిపించింది. కనిపించి, ఒక్క క్షణం అతని తల నిమరాలనిపించింది కూడా. కానీ చెయ్యి లేవలేదు. ఆమె లోపల ఇంకో ప్రశ్న తల ఎత్తింది. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయమేసినా, ఆపుకోలేకపోయింది.

"కాలు టీకాతోనే పోయిందా? అదన్న నిజమేనా?"

కృష్ణ చెంపమీద కొట్టినట్టు తల ఎత్తాడు.

"గది కూడా అనుమానమేనా నీకు?"

"ఇయ్యాల పొద్దటి దాకా ఏ అనుమానం లేకుండె."

"అది నిజం. దవాఖాన కాగితాలల్ల తారీఖులతోని ఉన్నది. కావాల్నంటే బిడ్డ మీద..."

"బిడ్డ మీద ఒట్టు పెట్టకు," అంది అనురాధ. "ఈ ఇంట్ల ఒట్లు చాలు."

అనురాధ కిటికీ దగ్గరికి జరిగింది. తర్వాత కృష్ణ గొంతు తగ్గించి అన్నాడు. "లాయరమ్మకు చెప్పకు. నాకు ఆ ఉత్తరం సంగతి తెల్వదని ఆమెకు నిన్ననే ఫోన్ల చెప్పిన. ఇప్పుడు నేనే రాయించిన అంటే కేసు ఖతం. హైదరాబాద్‌ల వాయిదా సోమవారమే."

"మరి బావ?"

కృష్ణ కట్టె ఊతగా లేచి వాకిట్లోకి నడిచాడు.

పొద్దుగూకే వేళకు మంద తిరిగొచ్చింది. కానీ తోలుకొచ్చింది ఐలన్న కాదు, తండా నుంచి భీమ్లా.

"ఐలన్న ఏడి?" అంది ఆండాలు.

"పొద్దుగాల్నే మందను నాకు అప్పజెప్పి సూర్యాపేట బస్సెక్కిండు పెద్దమ్మా. నాకేదో కోర్టు పనున్నది అన్నడు."

అనురాధ, కృష్ణ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కోర్టు మెట్లు ఎన్నడూ ఎక్కని మనిషి. పొద్దున అన్ని మాటలు పడి, ఆకలి కడుపుతో వెళ్లిన మనిషి. ఎవరి దగ్గరికి పోయి ఉంటాడు? ఏం చెప్పి ఉంటాడు?

*

మర్నాడు పదింటికి మాధవే ఫోను చేసింది. ఇద్దరూ వెంటనే రమ్మంది. కారణం చెప్పలేదు.

సూర్యాపేటలో ఆమె ఆఫీసు రెండు గదుల కిరాయి ఇల్లు. మాధవిది మిర్యాలగూడ. ఆమె తండ్రి బద్రీనాథ్‌కు అక్కడ రైసుమిల్లుంది. షావుకార్ల బిడ్డ సిపాయిల కేసులు ఎందుకు పట్టుకుందోనని ఊళ్లో మొదట్లో అందరూ గుసగుసలాడారు. అనురాధ కూడా కొన్నాళ్లు ఆమె నవ్విన ప్రతిసారీ, వెనక ఏముందోనని చూసేది.

ఇవాళ మాధవి నవ్వలేదు.

గుమ్మం పక్కన, కుర్చీ ఖాళీగా ఉన్నా, గొంగడి పరచుకొని నేల మీద ఐలన్న కూర్చుని ఉన్నాడు. రాత్రి బస్టాండులోనే పడుకున్నట్టుంది, బట్టలు నలిగి ఉన్నాయి. తమ్ముణ్ని చూసి కళ్లతోనే ఏదో సైగ చేశాడు.

"కూర్చోండి," అంది మాధవి. "మీ అన్న నిన్న సాయంత్రం నేను కోర్టు నుంచి వచ్చేదాకా ఇక్కడనే కూర్చున్నడు. ఒక మాట చెప్తా, రాసుకోండి అన్నడు. రాసిన. చదువుతా, వినండి."

ఆమె కాగితం తీసింది.

"'మా నాయిన పోయినంక భూమి పంపకం విషయంలో నా తమ్ముని మీద నాకు కక్ష ఉండేది. వాణ్ని దెబ్బ తీయాలని, వానికి చిన్నప్పటి నుంచి జబ్బున్నదని అబద్ధం రాయించి నేనే వేలిముద్ర వేసిన. ఈ విషయం నా తమ్మునికి గాని, మా తల్లికి గాని తెలియదు.'"

మాధవి కాగితాన్ని బల్ల మీద పెట్టింది.

"ఇది సోమవారం సిపాయిల కేసులు వినే ట్రిబ్యునల్ ముందు పెడితే వాళ్ల ఉత్తరం పనికిరాకుండా పోతది," అంది మాధవి. "కేసు మన వైపు తిరుగుతది. కానీ తప్పుడు ఉత్తరం రాయించి సర్కారును మోసం చేసినందుకు ఈయన మీద కేసు పెట్టొచ్చు. అది కూడా ఈయనకు చెప్పిన. పర్వాలేదన్నడు. సంతకం రాదు కాబట్టి వేలు పెడతానన్నడు. నేనే ఆపిన."

"ఎందుకు ఆపిండ్రు?" అన్నాడు కృష్ణ.

"భూమి పంపకం గురించి మూడు సార్లు అడిగితే మూడు తీర్ల చెప్పిండు. నాకు నమ్మకం కుదరలేదు." మాధవి కృష్ణ కళ్లలోకి సూటిగా చూసింది. "అబద్ధమని తెలిసిన కాగితాన్ని నా చేతులతోని పెట్టను. అందుకే మిమ్మల్ని పిలిచిన. మీ అన్న చెప్పింది నిజమేనా?"

"నిజమే మేడం," అన్నాడు గుమ్మం దగ్గరి నుంచి ఐలన్న. "ఎన్నిసార్లు అడుగుతరు? తమ్మీ, చెప్పు."

"మీరు కాదు. ఆయన చెప్పాలె."

కృష్ణ కట్టె పిడిని రెండు చేతులతో పట్టుకున్నాడు. అనురాధ అతని వైపే చూస్తోంది. చెప్పు, అనుకుంది లోలోపల. వార్డులో భయపడ్డ సంగతి నాకు చెప్పగలిగినవ్. ఈమెకు చెప్పు. ఒక్కసారి చెప్పు.

"నిజమే మేడం," అన్నాడు కృష్ణ, నేల చూపులు చూస్తూ.

ఐలన్న హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు. అరిగిపోయిన బొటనవేలిని గొంగడికి తుడుచుకొని, ముద్ర వేయడానికి లేవబోయాడు. మాధవి సిరా డబ్బీ కోసం సొరుగు లాగింది.

"మేడం."

మాధవి తల తిప్పింది. అనురాధ కుర్చీలోంచి లేచి ఉంది.

"అనూ, కూసో," అన్నాడు కృష్ణ.

"బిడ్డా," అన్నాడు ఐలన్న. ఆ ఒక్క మాటలోనే బతిమాలుకున్నాడు.

అనురాధ ఇద్దరి వైపూ చూడలేదు.

"కాగితం అబద్ధమైతే మా బావ మీద కేసయితదన్నరు కదా మేడం," అంది. "మరి అసలు రాయించినోడే వచ్చి నిజం ఒప్పుకుంటే, ఆయనకు ఏమయితది?"

మాధవి చెయ్యి సొరుగు మీదే ఆగిపోయింది. అప్పటిదాకా అనురాధ మీద ఉన్న ఆమె చూపు, మెల్లగా, చాలా మెల్లగా, కృష్ణ వైపు తిరిగింది.